ధర ఇస్తాం, పన్ను ఇవ్వం

శవం మీద కప్పే గుడ్డ మూరెడు తక్కువైంది.

దుకాణదారుడు తెల్లగుడ్డ కొలిచి, ధర చెప్పి, "కొత్త పన్ను కూడా ఉంది" అన్నాడు. పోయినవాడి తమ్ముడు జేబులు రెండూ తిరగేసి చూపించాడు. "చచ్చినోడికి కూడా పన్నేంటయ్యా? మా అన్న ఏం మూటగట్టుకుపోతున్నాడని?" అని అరిచాడు. దుకాణదారుడు తల దించుకుని, పన్నుకు సరిపడా గుడ్డ తగ్గించి కత్తిరించాడు. అతని వదిన పక్కనే నిలబడి చూసింది. ఆ సాయంత్రం ఆమె భర్త పాదాలు గుడ్డ బయటే ఉండిపోయాయి. వీధి వీధంతా చూసింది.

లాండ్రీలో కూడా ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. ఆస్పత్రుల దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. నాలుగు రోజులకే పనిలోకి వచ్చింది. ఆవిరి తగిలి చెయ్యి బొబ్బలెక్కినా ఆమెకు తెలియలేదు. దుప్పట్లు మడిచే పిల్ల చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు చూసుకుంది.

ఆ మధ్యాహ్నం యజమాని స్టూలెక్కాడు.

"శుభవార్త! ఆదాయపు పన్ను రద్దయింది. ఇకనుంచి ఎవరి కష్టం వాళ్లదే! దాని బదులే కొన్నప్పుడు కట్టే ఈ కొత్త అమ్మకం పన్ను. పేదకీ పెద్దకీ ఒకటే!"

చప్పట్ల కోసం ఆగాడు. బాయిలర్ బుసకొట్టింది. అంతే.

ఆయన వెళ్లాక బాయిలర్ చూసే మామ అడిగాడు. "ఆదాయపు పన్ను మనమెప్పుడైనా కట్టామా?"

"ఆదాయముంటేగా!"

నవ్వులు లేచాయి, లేచినంత తొందరగానే చచ్చాయి.

"ఒకటేనంట! ఆయన సంపాదనలో తినేదెంత, దాచేదెంత? దాచినదానికి పన్ను లేదు. మనకొచ్చిందంతా నోట్లోకే పోతుంది. ఆయన నెత్తిమీద మూట దించి మన నెత్తిన పెట్టారు" అన్నాడు మామ.

"అయితే కొనడం మానేద్దాం!" అంది మడతల పిల్ల.

"మానేసి? గాలి తిని బతుకుతావా?"

"చట్టం తల్లీ అది. కొండకి తల కొట్టుకుంటే పగిలేది మన తలే" అని ముసలి మేస్త్రీ నసిగాడు.

"ఇంకేం మిగిలిందని పగలడానికి!"

మాటమీద మాట పెరిగింది. వదిన ఇస్త్రీ ఆపకుండానే అంది.

"ధర ఇద్దాం. పన్ను ఇవ్వొద్దు."

అందరూ తిరిగి చూశారు. భర్త పోయాక ఆమె గొంతు వినడం అదే మొదలు.

"మెడపట్టి గెంటుతారు వదినా."

"ఒక్కదాన్నే వెళ్తే గెంటుతారు."

మర్నాడు షిఫ్టు దిగి అందరూ కిరాణా దుకాణం ముందు వరసకట్టారు. వదిన పిండి తూయించుకుని డబ్బులు బల్లమీద పెట్టింది.

"పన్నో?"

"ఇవ్వను."

"నా పొట్ట కొట్టకమ్మా. వసూలు చెయ్యకపోతే నా కొట్టుకి తాళమేస్తారు."

"నీమీద పగలేదన్నా. వేసేవాళ్లనే రమ్మను."

గుమ్మం పక్కన కూర్చుంది. మడతల పిల్ల సబ్బు ధర పెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత మామ. ఆ వెనక మేస్త్రీ, గొణుక్కుంటూనే. దారినపోయేవాళ్లు ఆగి అడిగారు, కొందరు వరసలో కలిశారు.

పోలీసులొచ్చారు. ఒకడు లాగిన లాగుకు వదిన చేతి బొబ్బ చితికింది. అది ఎవరి చెయ్యో అన్నట్టు చూసింది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. "చిల్లర గొడవ. కట్టేసి ఇళ్లకు పోండి."

"చిల్లరే అయితే మా యజమాని దగ్గర తీసుకోండి" అన్నాడు మామ. చెంప పేలింది. పెదవి చిట్లింది. ఎవరూ కదల్లేదు, ఎవరూ కట్టలేదు. అందరినీ గదిలోకి తోశారు.

కాసేపటికి తలుపు మళ్లీ తెరుచుకుంది. ఒళ్లంతా పిండి అంటిన బేకరీవాళ్లు లోపలికొచ్చి పడ్డారు. వాళ్ల వెనక బస్సుల షెడ్డు మెకానిక్కులు.

"మీరెందుకొచ్చారు?" అంది పిల్ల.

"మీరొచ్చినందుకే. మేమూ ధరే ఇచ్చాం" అంది ఒక బేకరీ మనిషి. కొంగులోంచి రొట్టె తీసి వదిన చేతిలో పెట్టింది.

ఎన్నాళ్లకో వదినకు ఆకలేసింది. తుంచి నోట్లో పెట్టుకుంది. బయట ఇంకో వ్యాను ఆగిన చప్పుడైంది.

"జరగండమ్మా, జరగండి," అంది వదిన నములుతూ. "ఇంకా వస్తున్నారు."