ఆయన పేరు పక్కన టిక్కు

గిన్నెలన్నీ కడిగి, చెయ్యి తుడుచుకుని, ఫ్రిజ్ మీది కాగితంలో భర్త పేరు పక్కన టిక్కు పెట్టింది ఆమె. పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఆ మహానుభావుడే గీసిన పట్టిక అది. సోమవారం గిన్నెలు ఆయన, మంగళవారం ఆమె. "మా ఇంట్లో పనంతా సగం సగం" అని వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తాడు. అత్తగారైతే ఆ టిక్కులు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బంగారంలాంటి నా కొడుకు చేత అంట్లు తోమిస్తున్నావటే!" తోమేదెవరో చెప్పి గొడవెందుకులే అని ఊరుకుంది ఆమె.

ఆఫీసులోనూ ఇదే తంతు. ఫైళ్ళన్నీ ఇక కంప్యూటర్లోనే కదలాలని పైనుంచి ఆర్డరు వచ్చిన రోజు సెక్షనంతా గగ్గోలు పెట్టింది. "ఈ వయసులో మాకెక్కడ వస్తుందమ్మా, నీకైతే చిటికెలో పని" అంటూ సూపరింటెండెంటు తన పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చాడు. ఆయన వెనకే మిగతా ఆరుగురూ. వాళ్ళు ఎప్పట్లాగే కాగితాల మీద సంతకాలు గీకి టీకి పోతే, ఒక్కొక్కరి పేరుతో లోపలికెళ్ళి వాళ్ళ ఫైళ్ళు ఆమె కదిపేది. తనవి మిగిలిపోయేవి. మార్పును మనసారా స్వీకరించిన సెక్షనని పైవాళ్ళు ప్రశంసాపత్రం పంపితే, మేకు కొట్టి మరీ గోడకి తగిలించారు.

ఇవాళ ఆమెకి మెమో వచ్చింది. ఫైళ్ళు పేరుకుపోయింది ఆమె ఒక్కదాని దగ్గరేనట. కొత్త పద్ధతికి సహకరించడం లేదట. రావలసిన ప్రమోషన్ ఎందుకు ఆపకూడదో మూడు రోజుల్లో చెప్పాలట. కింద సూపరింటెండెంటు సంతకం. నిన్న ఆయన కాగితాల కట్టలో ఆ మెమోని కంప్యూటర్లోకి ఎక్కించి పంపింది కూడా ఆమే, చదివే తీరిక లేకుండానే.

"ఏంటి సార్ ఇది?"

"నేనేం చేయనమ్మా, కంప్యూటర్ అలా చూపిస్తోంది. ఏదో నాలుగు ముక్కలు జవాబు రాసెయ్. నీ తరఫున నేను చెప్తాలే. అన్నట్టు, నేను చెప్పేది కూడా నువ్వే టైపు చేసెయ్."

ఆమె సొరుగులోంచి ఏడు చీటీలూ తీసి, ఎవరిది వాళ్ళ బల్ల మీద పెట్టేసి వచ్చింది. తన పేరుతో తెరిచి, ఏడాదిలో మొదటిసారి పొద్దున్నే తన ఫైళ్ళు ముందేసుకుంది. ఇంట్లో పట్టిక సంగతి సాయంత్రం చూడాలి అనుకుంది.

మధ్యాహ్నానికల్లా గదిలో గుసగుసలు మొదలయ్యాయి. సూపరింటెండెంటు చీటీ పట్టుకుని ఆమె బల్ల దగ్గరికే వచ్చాడు. "అమ్మా, ఇదెలా తెరవాలో కాస్త..."

ఆమె తల ఎత్తలేదు.

"మీకు తెలీకపోవడమేంటి సార్? ఏడాదిగా రోజూ తెరుస్తున్నారుగా. రికార్డులో ఉంది."