ఇస్తరాకు చీర కింద ఎవరి పేరు

1992 ఎండాకాలంలో పోచంపల్లిలో పర్వతాలు అనే చీరల సావుకారి దుకాణానికి జపాన్ నుంచి ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. ఆయన దాన్ని చంకలో పెట్టుకొని సాలోళ్ల వాడంతా తిరిగాడు. మగ్గాల మీద ఉన్నవాళ్లను లేపి మరీ ఒక పేజీ చూపించాడు. ఆ పేజీ నిండా చీర కొంగు ఫోటో. మోదుగాకులు కుట్టిన ఇస్తరాకును పరిచినట్టు నడుమ నుంచి చుట్టూ విచ్చుకున్న ఆకులు, ఆకు ఆకుకూ మధ్య సన్నటి పుల్లల గీతలు.

ఆ బొమ్మ ఆ వాడలోనే ఉండే అండాలుది. పెళ్లి బంతిలో వడ్డన కోసం కూర్చున్నప్పుడు ముందున్న ఇస్తరాకును చూసి ఆమెకు తట్టింది. ఇంటికొచ్చి గళ్ల కాగితం మీద గీసుకుంది. ఆ గీతల ప్రకారం పట్టుపోగులకు సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కట్టడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. కట్టిన చోట రంగెక్కదు, కట్టు విప్పితే బొమ్మ తేలుతుంది. ఒక్క కట్టు గింజంత జరిగినా ఆకు చీలిపోతుంది. మొగుడు వెంకటనర్సు మగ్గం మీద ఆ పోగులను నేశాడు.

ఆ ముందటేడు మోరితా అనే జపాన్ ప్రొఫెసరమ్మ ఊరికి వచ్చినప్పుడు తన పుస్తకం కోసం ఆ చీరను ఫోటో తీసుకుంది. ఆమె అడిగినవాటికి పర్వతాలే ఇంగ్లిషులో జవాబు చెప్పాడు. అండాలు అప్పుడు ఛాయ్ గ్లాసులు అందిస్తోంది.

"నీ పేరు గూడ అచ్చేసిన్రు అండాలూ! జపాన్ల నీ పేరు సదువుతున్నరు" అన్నాడు పర్వతాలు.

"యాడున్నది సావుకారీ, జర సూపియ్యి."

ఆయన ఫోటో కింద ఉన్న పై వరుస మీద వేలు పెట్టాడు. సాయంత్రం తన చెల్లెలికి చూపించాలని ఆమె మళ్లీ అడిగితే, ఆ వేలు కింది వరుస మీదికి పోయింది.

ఒక్క పేరు రెండు చోట్ల ఎలా ఉంటుందని అండాలుకు అనుమానం వచ్చింది. కింది వరుసలో చిన్న గీత కింద విడిగా ఐదు అక్షరాలున్నాయి. పొడుగు చూస్తే పేరులాగే ఉంది. ఆమె చూపు వాటి మీద ఒక నిమిషం ఆగింది. ఒకసారి చూసిన బొమ్మ ఆమెకు మరుపు రాదు, ఆమె పనే అది. ఇంటికి రాగానే గళ్ల కాగితం మీద ఆ ఐదింటినీ గీసింది. మొదటిదీ మూడోదీ ఒకే తీరు, రెండు గీతలు ఎడమొహం పెడమొహంగా నిలబడ్డట్టు. మొదటిదాని భుజం మీద చిన్న సున్న, మూడోదాని భుజం మీద రెండు చుక్కలు. రెండోదీ ఐదోదీ అచ్చంగా ఒక్కటే.

ఆ కాగితం పట్టుకొని బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే మెహమూద్ దుకాణానికి పోయింది. అతని దుకాణంలోని రేడియోలో దేశదేశాల మాటలు వినబడతాయని ఊరంతా అనుకునేది.

మెహమూద్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాకు రాదు చెల్లె. గని జపాన్ రేడియోల ఉర్దూ ప్రోగ్రాం వస్తది. వారానికి రెండు రోజులు జపాన్ బాస నేర్పిస్తరు. ఖత్ రాస్తే కితాబ్ గూడ ముఫత్‌గ పంపుతరంట. మా రబియా ఇంటది."

రబియా అతని భార్య. దుకాణం వెనకే ఇల్లు. మొగుడి కంటే ఆమెకే ఉర్దూ చదవడం, రాయడం బాగా వచ్చు. "పైస లేకుండ నేర్పిస్తుంటే ఎవ్వలూ నేర్చుకోరు అండాలక్కా. నాకు తోడు లేక ఇన్నాళ్లు ఉత్తగ విన్న. రా, ఇద్దరం నేర్చుకుందం" అంది. ఆ రోజే ఉర్దూలో ఉత్తరం రాసి పోస్టు చేసింది.

పాఠాల పుస్తకం వచ్చేదాకా రెండు నెలలు వాళ్లు రేడియోనే నమ్ముకున్నారు. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు అండాలు చేతులకంటిన రంగు కడుక్కొని పోయేది. రేడియో గరగరలాడేది. రేడియోలో ఒకామె జపాన్ మాట అనేది, ఇంకొకాయన ఉర్దూలో అర్థం చెప్పేవాడు, రబియా దాన్ని తెలుగులో అందించేది. వాక్యం చివర క్రియ రావడం చూసి అండాలు ఆశ్చర్యపోయింది. "గిది మన లెక్కనే ఉన్నది గదనే!"

వాడలో గుసగుసలు మొదలయ్యాయి. మగ్గం పని వదిలి తురుకోళ్ల దుకాణంలో ఏం పని అని గుర్వమ్మ అనే ముసలామె వెంకటనర్సును నడి బజార్లో నిలబెట్టి అడిగింది. అతను ఇంటికొచ్చి, "ఎందుకే నీకు గదంత? పోకు" అన్నాడు.

"పోత. నువ్వు ఆపుతవా?" అంది అండాలు. అతను ఆపలేదు.

శ్రావణంలో జపాన్ నుంచి ఆ పాఠాల పుస్తకం వచ్చింది. వెనక పేజీలో అక్షరాల పట్టిక, ఒక్కోదాని పక్కన ఉర్దూలో దాని ఉచ్చారణ. అండాలు తన గళ్ల కాగితాన్ని పక్కన పరిచింది. రబియా వేలు పట్టిక మీద నడిచింది.

"మొదటిది... ప."

"అ కాదా? మల్ల సూడు."

"ప నే అక్కా. సున్న ఉన్నది సూడు. రెండోది రు. మూడోది బ. ఇది త. ఇది మల్ల రు."

ప, రు, బ, త, రు.

జపాన్ వాళ్ల నోట్లో వ బ అవుతుందని, ల ర అవుతుందని రేడియోలో విన్నదే. అది పర్వతాలు పేరని తెలియడానికి ఇద్దరికీ రెండోసారి చదవాల్సిన అవసరం రాలేదు. అండాలు తన చూపుడు వేలు చూసుకుంది. ఇరవై రెండు రోజులు రబ్బరు బిగించి బిగించి చూపుడు వేలి చర్మం లేచిపోతే పసుపు పెట్టుకొని మళ్లీ కూర్చుంది ఆమె. ఆ వేలి మీద ఇంకా మచ్చ ఉంది. పర్వతాలు ఆ పోగును ఒక్కసారి ముట్టుకున్నది కూడా లేదు.

ఇంటికెళ్లేసరికి వెంకటనర్సు మగ్గం మీద ఉన్నాడు. ఆమె కాగితాన్ని నేత మీద పెట్టింది. అతని చెయ్యి ఆగింది.

"చీర కింద పర్వతాలు పేరున్నది. నీకు ఎరుకేనా?"

అతను కాగితం వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు. "ఆమె వచ్చిన్నాడే అన్నడు. డిజైను నాదని చెప్త, నువ్వు నోరు మూసుకో అన్నడు. పట్టునూలిచ్చేది ఆయననే గద."

"ఏడాది సంది నీకు ఎరుకున్నది!"

"పేరుల ఏమున్నది అండాలూ? పేరు తింటమా?"

"తినేది కాకుంటే నా పేరు ఆయన ఎందుకు తిన్నడు?" ఆమె గొంతు వీధిలోకి వినబడింది. "నువ్వు నేసినదానికి ఎన్నడన్న నేను వేరేటోని పేరు చెప్పిన్నా? నా యేలు తోలు లేసినప్పుడు పసుపు నూరిచ్చింది నువ్వే గద! నీ కండ్లముంగట జరిగిందాన్ని నువ్వెట్ల మింగినవ్?"

ఆ రోజు నుంచి ఆమె అన్నం పెట్టింది, పోగులు కట్టింది, అతనితో మాట్లాడలేదు. ఇస్తరాకు బొమ్మ మళ్లీ కావాలని పర్వతాలు కబురు పంపితే, "రాదని చెప్పు" అని తిప్పి పంపింది.

మోరితా సంక్రాంతి తర్వాత మళ్లీ వస్తుందని తెలిసింది. అండాలు చదువు వేగం పెంచింది. పాఠంలో 'ఇది నా సంచి' అని వస్తే, సంచి తీసేసి పని అనే మాట పెట్టుకునేది. 'ఇది రైల్వే స్టేషన్ కాదు' అని వస్తే, స్టేషన్ తీసేసి పర్వతాలును పెట్టుకునేది. రబియా పొట్ట పట్టుకొని నవ్వేది. అండాలుకు నవ్వు వచ్చేది కాదు. రంగు కాగుతున్న కుండ ముందు కూర్చొని ఆ వాక్యాలనే కట్టె తిప్పినంతసేపూ అనుకునేది.

మోరితా వచ్చిన రోజు పర్వతాలు దుకాణంలో తెల్లటి పరుపులు పరిచి ఉన్నాయి. ముప్పై మందికి పైగా నేతగాళ్లు వచ్చారు. పుస్తకం నడుమ తెరిచి ఉంది. పర్వతాలు ఇంగ్లిషులో ఏదో చెబుతుంటే ఆమె తలూపుతోంది. అండాలు తలుపు దగ్గరి నుంచి లేచి పరుపు మీదికి నడిచి, ఫోటో మీద అరచెయ్యి పెట్టింది.

"కోరె వ వతషి నొ షిగోతొ దెస్." ఇది నా పని.

మోరితా చప్పున తలెత్తి చూసింది. అండాలు వేలు కింది ఐదు అక్షరాల మీదికి జరిగింది. "పర్వతాలు సాన్ నొ దెవ అరిమసెన్." పర్వతాలు గారిది కాదు.

పర్వతాలు పెద్దగా నవ్వాడు. మోరితాతో ఇంగ్లిషులో గబగబా ఏదో అన్నాడు, తర్వాత తెలుగులో, "రేడియోల నాలుగు ముక్కలు నేర్చి వచ్చింది. ఏయ్ నర్సూ, నీ పెండ్లాన్ని తోల్కపో" అన్నాడు.

అందరి కళ్లూ వెంకటనర్సు మీద పడ్డాయి. అతను లేచాడు. భార్య చెయ్యి పట్టుకుంటాడని అండాలు అనుకుంది, పట్టుకుంటే విదిలించి కొట్టడానికి సిద్ధంగా ఉంది. అతను అక్కడే నిలబడి, నేల చూస్తూ, "నేను నేస్త. అంతే. గీసింది ఆమె, కట్టింది ఆమె. సావుకారికి ముచ్చటే తెల్వదు" అన్నాడు.

ఆ మాటను మోరితాకు చెప్పేవాళ్లు లేరు. పర్వతాలు నోరు బిగించుకున్నాడు. మోరితా అటూ ఇటూ చూసి, చివరికి అండాలు వైపే తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా ఒక ప్రశ్న వేసింది. అందులో అండాలుకు ఒక్క మాటే అందింది. 'దరె'. అంటే ఎవరు.

"వతషి," అంది అండాలు రొమ్ము మీద చెయ్యి వేసుకొని. "వతషి దెస్."

మోరితా ఆమె చెయ్యి పట్టుకొని వేలి మీది మచ్చను చూసింది. తానూ నేతపని తెలిసినదే కాబట్టి ఆ మచ్చను గుర్తుపట్టింది. వంగి దండం పెట్టి కలం తీసి ఇచ్చింది. అండాలు ఆ ఐదు అక్షరాలను అడ్డంగా కొట్టేసి, కింద తన పేరు వాళ్ల అక్షరాల్లో రాసింది. కలం కాగితాన్ని చీల్చేంత ఒత్తి రాసింది.

ఆ వారంలోనే పర్వతాలు పట్టునూలు ఇవ్వడం ఆపేశాడు. రెండు నెలలు మగ్గం ఖాళీగా ఉంది. ఆ తర్వాత సహకార సంఘం వాళ్లు పని ఇచ్చారు. అండాలు మొగుడితో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టింది, కాని మనసులోది దాచుకోలేదు. "ఆ మాట మొదాలే అంటే నాకు జపాన్ బాస పనే పడకపోవు" అని ఒకటికి నాలుగుసార్లు అంది. అతను ప్రతిసారీ విన్నాడు.

ఏడాది తిరగక ముందే మోరితా ఉత్తరం వచ్చింది. పిల్లలు చదివే తేలిక అక్షరాల్లోనే రాసింది. రబియా, అండాలు మూడు రోజులు కూర్చొని దాన్ని విప్పారు. తప్పు తనదేనని, అడగాల్సినవాళ్లను అడగలేదని, క్షమించమని రాసింది. అమ్ముడుపోకుండా మిగిలిన మూడు వందల పుస్తకాల్లో అండాలు పేరున్న చీటీ అంటించారట. ఒక చీటీ కవరులో పెట్టి పంపింది.

మెహమూద్ సంబరపడ్డాడు. "షాబాష్ చెల్లె! గెల్సినవ్. మిఠాయి తెప్పియ్యనా?"

"ఎన్ని పుస్తకాలు ఏసిన్రో రాసిందా?" అని అండాలు రబియాను అడిగింది.

రబియా వెతికింది. "రెండు వేలు."

"అంటే పదిహేడు నూర్ల పుస్తకాలల్ల ఇంకా వాని పేరే ఉన్నది." అండాలు చీటీని కింద పెట్టింది. "మిఠాయి ఎందుకన్నా? సగం గూడ కాలే. అవి యాడికి పోయినయో ఆమెనడుగుదం. సదువుకునే తాన్లకు, లైబ్రరీలకు పోయే ఉంటయి. ఆ అడ్రసులు రాసి పంపుమందం. ఒక్కొక్కదానికి నేనే రాస్త."

"అన్నిటికా అక్కా?" అంది రబియా.

"అన్నిటికి. కాగితం తియ్యి."