సాక్షి పేరు

వాష్‌బేసిన్‌లో మా ఆయన ఊసిన గుట్కా ఎండిపోయి ఉంది. కోర్టుకు వెళ్లేముందు గీకి కడిగాను. పెళ్లయిన నాటినుంచీ కడుగుతున్నాను. ఆయన నా వెనకే నిలబడి పళ్లు కుట్టుకుంటున్నాడు.

"సేఠ్ మల్ల అడిగిండు. కేసు ఇడిసిపెట్టు."

ఆయన సలాబత్‌పురా బట్టల బజారులో గుడ్డ దలాలు, అంటే దళారి. ఆ సేఠ్ మిల్లు బట్టే అమ్ముతాడు.

"లత ఆడ పని చెయ్యలేదా? నువ్వు చూడలేదా?"

"చూడకేంది. మొగడు రాజమల్లు తాగి పంటే సాంచెలు నడిపింది ఆమెనే. అయితే ఏంది? కూలి మొగని పేరు మీద. ఆడోళ్ల పేరు ఏ మిల్లుల ఉంటది?"

వంటింట్లోంచి అత్త అందుకుంది. "చెయ్యి పోయింది దానిది. నీకేందే నొప్పి? రొట్టెలు చేసి పో."

చేసి వెళ్లాను.

వకీలుగా ఇది నా మొదటి కేసు, మిల్లు నుంచి లతకు పరిహారం కోసం. సీనియర్ ఆఫీసులో ఇన్నాళ్లూ చాయ్ పెట్టాను. ఇందులో గెలుపు లేదని తేలాకే ఆయన దీన్ని నాకిచ్చాడు. మిల్లు వకీలు అందరికీ వినబడేలా, "బేటీ, మీ సారు రాలేదా?" అన్నాడు.

సాంచె, అదే మరమగ్గం, బెల్టులో పడి లత కుడిచేయి మణికట్టు దాకా పోయింది. ఆమె మా కార్మికురాలే కాదు, మొగుడికి సద్ది తెచ్చి బెల్టులో చెయ్యి పెట్టింది, అని మిల్లు వాదన. పోయిన వాయిదాలో రాజమల్లు బోనెక్కి అదే చెప్పాడు. అందుకు మిల్లు అతన్ని మేస్త్రీని చేసింది.

"ఎవరి సాంచెలు నడిపావు? పేరు చెప్పు," ఇవాళ మిల్లు వకీలు బోనులో ఉన్న లతను అడిగాడు.

లత తల దించుకుంది. మావాళ్లలో ఆడది మొగుడి పేరు నోట అనదు. ఆ సంగతి తెలిసే అతను మళ్లీ మళ్లీ అడిగాడు, నవ్వుతూ. జవాబు లేదని జడ్జి రాసుకున్నాడు.

మధ్యాహ్నం వరండాలో లత ఎడమచేత్తో అన్నం కలుపుకుంటోంది.

"పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతదంటరు, వకీలమ్మా."

ఆమె ముద్ద మింగి చేతిని చూసుకుంది.

"గీ చేత్తోనే ముడ్డి కడుక్కుంటున్న. గీ చేత్తోనే తింటున్న. ఆయనకేమో నిండు ఆయుష్షు గావాలె."

తిరిగి బోనెక్కగానే అడగకముందే చెప్పింది. "రాజమల్లు. సాంచెలు ఆయన పేరు మీద. నడిపింది నేను. కూలి ఆయన తీస్కుండు. చెయ్యి నాది పోయింది."

ఆమె తెలుగును నేనే జడ్జికి హిందీలో చెప్పాను.

మిల్లు వకీలు కుర్చీలోంచి లేవలేదు. "మొగుడి మీద కోపంతో చెబుతోంది సార్. చూసినవాళ్లు ఎవరు?"

మిల్లులో ఎవరూ రారు. వస్తే పని పోతుంది. ఇల్లిల్లూ తిరిగి అడిగాను, తలుపులు వేసుకున్నారు.

జడ్జి నావైపు చూశాడు. "సాక్షి ఉన్నారా? లేకపోతే ముగిద్దాం."

నోరు మూసుకుంటే కేసు పోతుంది. తెరిస్తే అత్తింటి గడప మళ్లీ తొక్కనివ్వరు. భయమే వేసింది. అయితే ఇన్నాళ్లూ అక్కడ దేన్ని కాపాడుకుంటూ వచ్చానో తలుచుకుంటే భయం కన్నా రోత ఎక్కువైంది.

"ఉన్నారు సార్. దలాలు. కళ్లారా చూశారు."

"పేరు?"

లా చదివిన నేను కూడా ఒక్కసారీ ఆ పేరు పైకి అనలేదు.

"రాంప్రసాద్."

"సమన్లు ఎక్కడికి పంపాలి?"

"మా ఇంటికి."