మేక పాటల వర్జిల్

అమెరికా జానపదాల రాజధాని మా నాష్‌విల్‌లో పాటలు రాసేవాళ్లందరికీ పాట్లే. వర్జిల్ టాకెట్‌కు మాత్రం ఒక మేక దొరికింది. పాస్టరు గారి విగ్గును మేక నమిలేసిందని పాట కట్టి, మధ్యలో తనే "మే..." అని అరిచాడు. ఆ మేక జనం బుర్రల్లో మేకులా దిగిపోయింది. తర్వాత ఇరవై ఏళ్లు అతను ఏం రాసినా అందరూ మేక కోసమే వెతికారు.

పోయిన ఏడాది అతని భార్య ఓలీటా మంచం పట్టింది.

"మేక మీద రాశావు, గాడిద మీద రాశావు. ఎవరూ నవ్వని పాట ఒక్కటి నా మీద రాయవయ్యా," అంది.

రాశాడు. వినకుండానే ఆమె పోయింది. ఆ పాట రికార్డయితే చాలు, ఇంకేమీ వద్దన్నాడు నాతో.

స్టీల్ గిటారు వాయించేవాణ్ణి కనుక నిర్మాత హార్లన్ స్ట్రౌడ్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. పాట విని హార్లన్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"పాట బంగారంరా వర్జిల్. నీ పేరే తుప్పు. రికార్డు లేబుల్ మీద అది చూస్తే రేడియోవాడు ముల్లు పెట్టకముందే నవ్వుతాడు. మన స్టార్ గాయకుడు డ్వేన్ పాడతాడు. రాసిందీ డ్వేనే అని వేద్దాం. నువ్వు మాత్రం ఎక్కడా నోరు విప్పకూడదు."

పెద్ద గాయకుడు రాసినవాడి పేరు పక్కన తన పేరు ఇరికించడం మా ఊళ్లో మామూలే. ఇక్కడ పక్కన కాదు, ఏకంగా బదులే.

వర్జిల్ సంతకం పెట్టాడు. గిటారు నేనే ఏడిపించాను. దేశమంతా ఏడ్చింది.

మే నెలలో సమాధులకు పూలు పెట్టే ఆదివారం వచ్చింది. మా ఆచారం ప్రకారం ఓలీటా సమాధి పక్కనే దుప్పట్లు పరిచి, వేయించిన కోడి తింటున్నాం. ఓలీటా అక్క వెర్లీన్ అంది:

"డ్వేన్ పాట విన్నావా వర్జిల్? అంచు విరిగిన నీలం కప్పు... మా ఓలీటాకీ అలాంటిదే ఉండేది. పెళ్లాన్ని ప్రేమించినవాడు అలా రాస్తాడయ్యా! మేకకైతే పాట కట్టావు. మా చెల్లికి ఒక్క ముక్క రాయలేకపోయావా?"

వర్జిల్ నా వైపు చూశాడు. నేను కోడి కాలు వైపు చూశాను.

"నాకు మేకలే వచ్చు వదినా," అన్నాడు.

పక్క సమాధి దగ్గర భోంచేస్తున్నవాళ్లు గుర్తుపట్టారు.

"ఓ మేకాయనా! ఒక్కసారి అనవా!"

ఓలీటా పక్కన నిలబడి "మే..." అన్నాడు. శ్మశానమంతా నవ్వింది. వెర్లీన్ మాత్రం నవ్వలేదు. చెల్లెలి మీది పూలు సర్దుతూ డ్వేన్ పాటే కూనిరాగం తీసింది.