చేప వెనక నిలబడ్డవాళ్ళు

మా ముందుగదిలో ఒక ఫొటో ఉంది. కొయ్యకు వేలాడుతున్న చేప, దాని వెనక నవ్వుతూ మా నాన్న. సరదాకి గాలాలు వేసేవాళ్ళ క్లబ్బులో ఆ ఏడాది పోటీ గెలిచింది ఆయనే. చేప చచ్చి ముప్ఫై ఏళ్ళయినా ఆయన మాటల్లో ఇంకా పెరుగుతూనే ఉందని అమ్మ అంటుంది.

నాన్న దర్జీ. వారమంతా మిషను ముందు వంగి కూర్చుని, ఆదివారం సరస్సు ఒడ్డున నడుము నిటారుగా చేసుకునేవాడు. ఇప్పుడు మిషను అమ్మేశాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి ఆ ఆదివారం ఒక్కటే మిగిలింది.

నేను మత్స్యశాఖలో పనిచేస్తాను. సరస్సులో చేప నిజంగానే చిన్నదైందా, లేక ఒకప్పటి చేప ముసలివాళ్ళ కబుర్లలోనే పెద్దదా తేల్చమని ఆఫీసువాళ్ళు నా నెత్తిన పెట్టారు. చిన్నదైందని తేలితే అయిదేళ్ళపాటు గాలాలు బంద్. క్లబ్బువాళ్ళకు గొప్పలు చెప్పడమే తప్ప లెక్కలు రాసే అలవాటు లేదు. కానీ గెలిచినవాణ్ణి చేపతో ఫొటో తీసి గోడకు తగిలించడం మాత్రం అరవై ఏళ్ళుగా ఎవరూ మానలేదు. నాకు దొరికిన చరిత్ర ఆ గోడే.

ఫొటోలో చేపను కొలవాలంటే పక్కన పొడవు తెలిసినది ఏదో ఒకటి ఉండాలి. కొయ్య ఏటా మారేది. అందుకని ఫొటోల్లోని మనుషుల ఎత్తునే కొలబద్దగా తీసుకున్నాను. వాళ్ళలో చాలామందికి బట్టలు కుట్టింది నాన్నే. ఫొటోలు తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాను.

"వీడు అయిదడుగుల ఏడు. ఈయనకి ఎత్తు మడమల బూట్ల పిచ్చి, ఓ అంగుళం కొట్టేయ్," అంటూ నాన్న చెప్పుకుపోయాడు. వాళ్ళలో సగంమంది పోయారు. వాళ్ళ కొలతలు మాత్రం ఆయన నాలుక చివరే ఉన్నాయి.

లెక్క తేలింది. చేప దాదాపు తగ్గలేదు. నా గుండెల మీంచి బరువు దిగింది. ఆయన ఆదివారాలను నా చేత్తో లాక్కోనక్కర్లేదు. ఆ మాట చెబితే ఎగిరి గంతేస్తాడనుకున్నాను. "అలాగా," అని భోజనం సగంలో లేచిపోయాడు.

ఆ ఆదివారం గాలం ముట్టుకోలేదు. అమ్మ నుదురు తాకి చూసింది. జ్వరమేమీ లేదు. సాయంత్రం నేను రిపోర్టు టైపు చేస్తుంటే, ముందుగదిలోని తన ఫొటో తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"నా చెయ్యి ఎక్కడుందో చూడమ్మా."

"నడుం మీద."

"మా గురువుగారి ఫొటో తియ్యి. ఆయన చెయ్యి?"

నాన్నకు గాలం వెయ్యడం నేర్పినాయన ఆయన. చెయ్యి చేప వీపు మీద ఉంది.

"పాతవాళ్ళంతా అలా చేపను పట్టుకునే నిలబడేవాళ్ళు. రానురాను చేప చిన్నదైపోయింది. పక్కన నిలబడితే నామోషీగా ఉండేది. ఫొటో తీసేవాడే 'కొంచెం వెనక్కి' అనేవాడు. మనిషి వెనక్కి జరిగితే ఫొటోలో చేప పెద్దదవుతుంది. అందరం జరిగాం. పైకి ఎవరం అనుకోలేదుగానీ, అందరికీ తెలుసు."

"మరి నీ చేప?"

చేతులు దగ్గరికి తెచ్చి చూపించాడు. "జానా బెత్తెడు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఎందుకు చెప్పావు నాన్నా? ఊరుకుంటే నీ ఆదివారాలు నీకుండేవి కదా."

"తప్పు కొలతతో ఒక్క గుడ్డ కత్తిరించలేదు తల్లీ. నేను చెప్పిన కొలతల మీద నువ్వు తప్పు లెక్క కడుతుంటే ఎలా ఊరుకోను?" గొంతు తగ్గించాడు. "అయినా పోయినేడాదంతా నాకు ఒక్కటీ పడలేదు. బజార్లో కొని తెచ్చాను. మీ అమ్మకు చెప్పకు."

"పొట్ట కోసి శుభ్రం చేసిన చేపలు గాలానికి ఎలా పడుతున్నాయా అని నేనూ ఏడాదిగా ఆశ్చర్యపోతూనే ఉన్నాను లెండి," అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. ఆ పూట మేం నవ్వింది అప్పుడొక్కసారే.

ఎవరి పాదాలు కొయ్యకు ఎంత వెనక ఉన్నాయో చూసి మళ్ళీ మొదట్నుంచి లెక్క కట్టాను. ఒకప్పుడు మనిషి నడుం దాకా వచ్చిన చేప జానా బెత్తెడుకు వచ్చి ఆగింది. నెల తిరక్కుండా సరస్సు మూసేస్తున్నట్టు నోటీసు పడింది. నాన్న అది నిదానంగా చదివాడు. అయిదేళ్ళ తర్వాత సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

మూసే రోజున క్లబ్బువాళ్ళు చివరి ఫొటో తీయించుకున్నారు. ఒడ్డున కొయ్య పాతారుగానీ దానికి వేలాడదీయడానికి ఏమీ లేదు. ముసలివాళ్ళంతా దాని వెనక వరసగా నిలబడ్డారు. ఫొటో తీసేవాడు అలవాటు కొద్దీ, "కొంచెం వెనక్కి," అన్నాడు. అందరూ జరిగారు.

నాన్న జరగలేదు. ముందుకు వచ్చి, ఫొటోలో గురువుగారిలా కొయ్య పక్కనే నిలబడి, ఆ ఉత్త కొయ్య మీద చెయ్యి వేశాడు.