కోల్డ్ స్టోరేజీ బ్రేకరు

ప్రత్తిపాడు దగ్గరి మిర్చి కోల్డ్ స్టోరేజీకి మేం చేసిచ్చిన జనరేటర్ ప్యానెల్ మళ్లీ ఆగిపోయిందని ఫోను వచ్చేసరికి పాపకు అన్నం తినిపిస్తున్నాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మా ఆయన కోటేష్ గుంటూరులో సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక చేసిన మొదటి పెద్ద పని అది. ఇనప పెట్టె, రాగి పట్టీలు, ఏసీబీ అనే పెద్ద బ్రేకరు ఆయన బిగించారు. సన్న వైర్లన్నీ నేను వేశాను. ఇంటర్ మధ్యలో చదువు ఆపించి పెళ్లి చేశారు నాకు. వైరు కొస ఒలిచి, దానికి లగ్గు అనే రాగి తొడుగు నొక్కి బిగించడం పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. ఆ వైర్లలో ఒకటి బ్రేకరును పట్టి ఉంచే కాయిల్‌కు వెళుతుంది. అది కాస్త వదులైనా బ్రేకరు పడిపోయి కరెంటు ఆగిపోతుంది. తప్పు నాదే అయితే? గదులు వేడెక్కి, రైతులు దాచుకున్న మిర్చి రంగు పోతే? ఇక నన్ను వైరు ముట్టుకోనిచ్చేదెవరు?

"నేనూ వస్తానండీ," అన్నాను.

"ఇంత ఎండలో పాపనేసుకుని ఎందుకే?"

"నేనేసిన వైరు నేనే చూసుకుంటాను."

కోల్డ్ స్టోరేజీ యజమాని జయరావు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. "ఏమయ్యా కోటేషూ, ఏసీబీ ఏసీబీ అని ఊదరగొట్టి పెట్టించావు. కరెంటు పోయి జనరేటరేసిన కాసేపటికే కొత్తల్లుడిలాగా అలుగుతుందే!"

పక్కన మిరపకాయల తొడిమలు తీస్తున్న చెంచమ్మ ముక్కుకు కట్టుకున్న గుడ్డ దించి, "ఏసీబీ అంటే లంచాలోళ్లని పట్టుకుంటారనుకున్నా. ఇది మన జనరేటర్నే పట్టుకుందంటయ్యా!" అంది. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు.

పాపను చెంచమ్మకిచ్చి, జనరేటర్ ఆపించి, ప్యానెల్ తలుపు తెరిచాం. కాయిల్ వైరు లాగి చూశాను. కదల్లేదు. మిగతావీ ఒక్కొక్కటే లాగాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. అయినా మనసు కుదుటపడలేదు.

కోటేష్ జనరేటర్ వేసి, కూలింగ్ మెషిన్లన్నీ నడిపించారు. చాలాసేపు చూశాం. బ్రేకరు పడలేదు.

"మీ ముందు బుద్ధిగానే ఉంటది. మీరెళ్లగానే మొదలు," అన్నారు జయరావు గారు. "ఎందుకొచ్చిన గొడవయ్యా, దాని మీద ఆ గుండీ ఉందిగా, పైకి తిప్పెయ్. ఇక పడదు."

ఆ గుండీ సంగతి నాకు తెలుసు. బ్రేకరు ఎంచే రోజుల్లో వంటింటి గట్టు మీద కూర్చుని ఆయనే చెప్పారు. జనరేటర్ ఎంత మోయగలదో చూసి, దానికి తగ్గది తేవాలి. మరీ చిన్నదైతే ఊరికే పడిపోతుంది. మరీ పెద్దదైతే జనరేటర్ కాలిపోతున్నా కదలదు. గుండీ పైకి తిప్పడమంటే బ్రేకరును అలా పెద్దది చేసినట్టే.

"తిప్పితే పడదండి," అన్నారు కోటేష్. "రేపు ఏదన్నా అయితే జనరేటరే పోద్ది. నేను తిప్పనండి."

"అయితే తిప్పేవాణ్ణే పిలుచుకుంటా. గుంటూరులో నువ్వొక్కడివేనా?"

అంతలో పాప చెంచమ్మ చంక దిగి నా మీదికి పరుగెత్తుకొచ్చింది. గబుక్కున ప్యానెల్ తలుపు వేసి గడియ తిప్పి, పాపను ఎత్తుకున్నాను. వాళ్లిద్దరి వాదన సాగుతూనే ఉంది. కాసేపటికి లోపల టప్‌మంది. మెషిన్లు ఆగిపోయాయి.

"చూశావా?" అన్నారు జయరావు గారు.

"ఏవండీ," అన్నాను, "ఇందాకటిదాకా తలుపు తెరిచే ఉంది. నేను మూశాకే పడింది."

తలుపు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. పెనంలా కాలుతోంది. పెట్టె వెనక గాలి ఆడటానికి చీలికలు పెట్టాం మేం. గోడ సందులోకి తొంగి చూస్తే అవి కనబడలేదు. వాటి మీద గోనెపట్టా, అంచులు సుతిలి తాడుతో ముచ్చటగా కుట్టి, బిగించి ఉంది.

"ఇదెవరు కట్టారు పిన్నీ?" అని చెంచమ్మనడిగాను.

"నేనే కుట్టానమ్మాయ్. మిరప దుమ్ము లోపలికి పోకూడదని మీ ఆయనేగా చెప్పింది? మేం ముక్కుకి కట్టుకోవట్లా? దానికీ కట్టాం."

కోటేష్ తల పట్టుకుని నవ్వేశారు. "దుమ్ము ఆపమన్నాను గానీ ఊపిరి ఆపమన్లేదు పిన్నీ! లోపల వేడెక్కితే కాలిపోకుండా బ్రేకరు దానంతటదే పడిపోద్ది. ఇంత దుమ్ములో ఏం చెయ్యాలో చెప్పకపోవడం నాదే పొరపాటు."

పట్టా తీసి, తలుపు మూసి, మళ్లీ నడిపించాం. జయరావు గారు కుర్చీ తెప్పించుకుని ప్యానెల్ ఎదురుగా కూర్చున్నారు. టీలు వచ్చాయి, తాగేశాం. బ్రేకరు నిలబడింది. నేను అప్పుడు కూర్చున్నాను.

"మరి దుమ్మో?" అంది చెంచమ్మ.

"దుమ్ము లేని పత్తిచేను వైపు గోడకి కన్నం పెట్టి, వడపోత గుడ్డ అడ్డంపెట్టి, ఫ్యానుతో శుభ్రమైన గాలి తోలుదాం," అన్నారు కోటేష్.

"గుడ్డ నేను దులుపుతాలే."

జయరావు గారు లేచారు. "ఇంకోణ్ణి పిలవనులేవయ్యా. రేపే వచ్చి ఆ ఫ్యాను పెట్టు." నా వైపు తిరిగారు. "నువ్వు కూడా రామ్మా. ఒక్కో వైరూ లాగి చూశావు, చూశాను. దాని కనెక్షనూ నీ చేత్తోనే ఇవ్వు."

తిరుగు దారిలో బండి మీద పాప మా ఇద్దరి మధ్య నిద్రపోయింది. "ఫ్యానుకి ఎంత మందం వైరు కావాలండీ?" అని అడిగాను.

"రేపు మోటారు మీద ఏం రాసుందో చదివి, నువ్వే చెప్పు," అన్నారాయన.