చెప్పుకోని దురద

పరీక్షలకు పన్నెండు రోజులుందనగా నేను హైదరాబాద్ హాస్టల్ నుంచి పోచంపల్లికి వచ్చేశాను. వార్డెనమ్మకు జ్వరమని చెప్పాను. జ్వరం కాదు. నెల రోజులుగా తెల్లబట్ట అవుతోంది. దురదతో క్లాసులో గంటసేపు కుదురుగా కూర్చోలేకపోయేదాన్ని. ఇలాంటిది ఎవరితో చెబుతాం?

ఇంటికొచ్చి నాకు తెలిసిన వైద్యం చేసుకున్నాను. మాది నేతపని ఇల్లు. నూలుకు జిడ్డు పడితే చాకలిసోడా నీళ్లలో జాడిస్తాం. ఆ సోడానే చెంబులో కలిపి కడుక్కున్నాను. రెండో రోజుకు మంటతో నడవడం కష్టమైంది.

రాట్నం ముందు కండెలు చుడుతున్న మా అమ్మ సుగుణమ్మ నన్ను చూసింది.

"ఏందే శారదా, గట్ల నడుస్తున్నవు?"

చెప్పక తప్పలేదు. అమ్మ రాట్నం ఆపింది.

"పట్నంల ఏం జేసినవే? నిజం జెప్పు."

"ఏం చెయ్యలేదమ్మా, నీ మీద ఒట్టు."

"మరి ఊకెనే వస్తదా? రేపు నల్గొండ దవాఖానకు పోదాం. డాక్టరమ్మ చెడ్డరోగమన్నదంటే నీ చదువు గీడికి బంద్. పరీచ్చలు లేవు గిరీచ్చలు లేవు."

మా ఇంట్లో కాలేజీ చదివింది నేనొక్కదాన్నే. ఆ రాత్రంతా పుస్తకం ముందు పెట్టుకున్నానే గానీ ఒక్క పేజీ చదవలేదు.

మర్నాడు నల్గొండ దవాఖానలో డాక్టర్ సావిత్రమ్మ పరీక్ష చేసి, తెల్లబట్ట కొంచెం తీసి గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది.

"ఏం చదువుతున్నావమ్మా?"

"బి.ఎస్సీ. వృక్షశాస్త్రం."

"అయితే నువ్వే చూసి చెప్పు."

కన్ను ఆనించాను. కోడిగుడ్డు ఆకారంలో చిన్న చిన్న కణాలు, కొన్నింటికి పక్కన మొగ్గలు. కిందటి నెలే రికార్డులో ఇలాంటి బొమ్మ గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను.

"ఈస్టులా ఉంది మేడం!"

"దాని చుట్టమే. ఒంట్లో ఎప్పుడూ కొంచెం ఉంటుంది. చెమట, తడిబట్ట దొరికితే పెరిగిపోతుంది. లోపలి బట్టలు ఎక్కడ ఆరేస్తావు?"

"మంచం కింద. బయట వేస్తే మెస్సువాళ్లు చూస్తారని అందరం అట్లనే."

"అందుకే మీ అందరికీ వస్తోంది. నా దగ్గరికొచ్చే చదువుకునే పిల్లల్లో పదిమందికి ముగ్గురు నలుగురిది ఇదే గోల. ఒక్కొక్కరూ ప్రపంచంలో తనకొక్కదానికే వచ్చిందనుకుంటారు. ఇక సోడా జోలికి పోకు."

ఊదారంగు మందు పూసి, ఇంకో వారం వాడమని చీటీ రాసింది. బట్టలకు అంటితే పోదని కూడా చెప్పింది.

అమ్మ గొంతు తగ్గించింది. "డాక్టరమ్మా, పెండ్లయినోళ్లకు గూడ వస్తదా?"

"వస్తుందమ్మా. పెళ్లితో పనిలేదు."

"తప్పు జేస్తెనే వస్తదని..."

"తప్పా? జలుబు చేస్తే ఎవరినైనా తిడతామా?"

అమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా అమ్మనూ తెర వెనక్కి తీసుకెళ్లింది, తర్వాత రెండో చీటీ రాసింది.

తిరుగు దారిలో హైదరాబాద్ బస్సు చిట్యాలలో ఆగాక అమ్మ తనే మాట్లాడింది. "నీ తమ్ముడు పుట్టినప్పటి సంది నాకు గింతే. ఏ పాపం జేసిన్నో అనుకుంట పదేండ్లు గడిపిన. నిన్ను గూడ గదే మాటన్న."

అమ్మ కండక్టరును కేకేసింది.

"అన్నా, నాకు పోచంపల్లి దారికాడికి. బిడ్డకు పట్నందాక ఇయ్యి. దానికి పరీచ్చలున్నయి."

సాయంత్రానికి హాస్టల్ చేరాను. నా గదిలో ఉండే కొత్తకోట జంగమ్మ తలుపు తీసింది. ఈసారి జ్వరమని చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను, సూక్ష్మదర్శినిలో నేను చూసినదాని గురించి కూడా.

జంగమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. "ఓసి నీ! నెల సంది రోజూ నీ పక్కనే పండుకుని నేను గూడ గోక్కుంటున్న గదనే! పా, రేపు ఈడ దవాఖానకు పోదాం. ముందుగాల ఆ మంచం కింది బట్టలన్నీ తియ్యి, మిద్దె మీద ఎండేద్దాం."

"మెస్సువాళ్లు చూస్తే?"

"చూడనీ. మనం పరీక్షలల్ల కుదురుగ కూసోవద్దా?"